కఫన్ కట్టకముందు చూసిన ముఖం

భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుల క్వార్టర్ల వెనుక కొంత ఖాళీ స్థలమున్నది. అక్కడి వేపచెట్టు కింద రెండు జంపఖానాలు పరచి మక్బూల్‌కు, ఆస్మాకు నిఖా జరిపించారు. షామియానా వేయలేదు, బ్యాండును పిలువలేదు. వరునికి అరవై నిండినవి, వధువుకు యాభై దాటినవి. ఇద్దరూ తమ తొలి సహచరులను మట్టికి అప్పగించినవారే కనుక, వేడుక తక్కువగా ఉండుటయే మర్యాద అని వధువు తమ్ముడు అకీల్ భావించాడు. ఆ క్వార్టరు అతనిదే. వితంతువైన అక్కకు పెళ్ళి చేసే భారం కూడా అతనే స్వీకరించాడు.

క్వార్టరు గోడ నుండి వేపచెట్టు వరకు బట్టలారవేసే తాడు ఉన్నది. దాని మీద పూల దుప్పటి వేసి స్త్రీలకు, పురుషులకు నడుమ తెర కట్టారు. ఖాజీ గారు ఖుత్బా అనే నిఖా ప్రసంగం చదువుతుండగా రోడ్డు మీద బొగ్గు లారీలు వరుసగా పోతున్నవి. ఖర్జూరాల పళ్ళెం మీద నల్లటి దుమ్ము పేరుకొనడం చూసి, అకీల్ భార్య తస్లీమా దాని మీద మరొక పళ్ళెం బోర్లించింది.

తెర అవతల నుండి చోటీ బీ గొంతు వినవచ్చింది. ఆమె మక్బూల్‌కు మేనత్త. ఎనభై ఏళ్ళ వయసులో జనగామ నుండి బస్సులో కూర్చుని వచ్చింది.

"ఓడ టికెటు ఇద్దరికైతెనే ఇస్తరట. గందుకే మా పిల్లగాడు పెండ్లి చేస్కుంటుండు."

స్త్రీలు నవ్వారు.

"ఫుప్పూ, నువ్వే ఎక్కకపోయినవు ఓడ," అన్నాడు అకీల్ ఇవతల నుండి.

"నేనెక్కితే ఎవరు దింపుతరు బేటా? నన్ను జూస్తే సముద్రం ఎనుకకు పోతది."

ఖాజీ గారు దగ్గారు. మాటలు ఆగినవి. ఇద్దరు సాక్షులతో కలిసి పోయి వధువు సమ్మతిని తీసుకువచ్చారు. ఆ పిమ్మట ఖాజీ గారు అడుగగా మక్బూల్ "ఖుబూల్" అని ముమ్మారు పలికాడు. అతని కంఠం వణుకలేదు, ముఖంలో ఏ మార్పూ రాలేదు. మోటారు ఎప్పటికి బాగవుతుందని అడిగిన రైతుకు సమాధానం చెప్పినట్లే చెప్పాడు. అతని చూపు మాత్రం ఖాజీ గారి మీద లేదు, తాడు మీద వేలాడుతున్న దుప్పటి మీద ఉన్నది.

మక్బూల్ ఈ నిఖాకు ఒప్పుకొన్నది ఒక్క ప్రశ్న కోసం. ఆ ప్రశ్నకు ఆస్మా తప్ప ఈ లోకంలో మరెవరూ జవాబు చెప్పలేరు.

మక్బూల్‌కు జనగామలో మోటారు వైండింగు దుకాణం ఉన్నది. బోరుబావి మోటార్లు కాలిపోతే చుట్టుపక్కల ఊళ్ళ వారు అతని దగ్గరికే తెస్తారు. అతని మొదటి భార్య హలీమా మహబూబాబాద్ దవాఖానలో కన్నుమూసింది. అది మహమ్మారి రెండవసారి విజృంభించిన కాలం, రోగి దగ్గర ఒక్కరినే ఉండనిచ్చేవారు. ఆమెది ఆ జబ్బు కాదు, గుండె జబ్బు. చెల్లెలి ఇంటికి వెళ్ళి అక్కడే పడిపోయింది. జనగామ నుండి పరుగున వచ్చిన మక్బూల్, డాక్టరు రాసిన మందు కోసం బయటికి వెళ్ళాడు. నాలుగు దుకాణాలు తిరిగి మందు తెచ్చేసరికి ఆమె మీద తెల్లని బట్ట కప్పి ఉన్నది. మోయడానికి వచ్చినవారు తొందరపెడుతున్నారు. బట్ట తొలగించి చూడాలన్న ఆలోచన కూడా ఆ తొందరలో అతనికి రాలేదు.

శవాన్ని చెల్లెలి ఇంటికి చేర్చారు. వాకిట్లో నాలుగు దిక్కులా దుప్పట్లు కట్టారు. స్త్రీకి అంత్యస్నానం స్త్రీలే చేయించాలి. గుస్ల్ అనే ఆ స్నానం చేయించడానికి ఆ పట్టణంలో ఆస్మా ఉన్నది. ప్రతిఫలం ఏమీ పుచ్చుకోకుండా, దైవప్రీతి కోసమే ఆమె ఆ పని చేస్తుంది. దుప్పటి అవతల నీళ్ళు పోసిన చప్పుడు, "ఇంకో బిందె అందియ్యుండ్రి" అన్న ఒక గొంతు మక్బూల్ విన్నాడు. స్నానం ముగిసి కఫన్ అనే శవవస్త్రం కట్టిన తరువాత, ముఖం మీది బట్టను పక్కకు తీసి అయినవారిని చూడనిచ్చారు. మక్బూల్ కూడా ముందుకు నడిచాడు. అప్పుడు చోటీ బీ అతని చెయ్యి పట్టుకొని ఆపింది.

"నువ్వు సూడొద్దు బేటా. ఆమె పాణం పోంగనే నిఖా తెగింది. ఇగ నువ్వు పరాయోనివి."

దైవభయం కలవాడు కనుక మక్బూల్ ఆగిపోయాడు. జనాజా పాడె వెంట నడిచాడు, మట్టి వేశాడు, ఇంటికి వచ్చాడు. ఏడుపు రాలేదు. రేపు వస్తుందనుకున్నాడు. మరునాడూ రాలేదు.

కొన్ని నెలల తరువాత జనగామ మసీదులో మౌలానా గారు అంత్యక్రియల విధులను వివరిస్తూ, భర్త భార్య శవానికి స్నానం చేయించరాదు గాని ముఖం చూచుటకు ఏ అభ్యంతరమూ లేదని చెప్పారు. మక్బూల్ నేరుగా మేనత్త దగ్గరికి పోయి ఆ మాట చెప్పాడు. చోటీ బీ చాలాసేపు తన అరచేతులను చూసుకున్నది.

"మా అత్త గట్లనే చెప్పింది బేటా. మీ మామ పోయినప్పటి సంది నేను అందరికి గదే చెప్తున్న," అన్నది.

ఆమె మీద అతనికి కోపం రాలేదు. హలీమా పోయిన నాటి నుండి ఏదీ రావడం లేదు. తీగ కాలిన వాసనను బట్టి మోటారులో ఏ చుట్ట పాడయినదో చెప్పగలిగేవాడు గాని, కూరలో ఉప్పు ఉన్నదో లేదో చెప్పలేకపోయేవాడు. ఒక్క సందేహం మాత్రం లోపల కదలక కూర్చున్నది. తాను పక్కన లేని ఆ క్షణంలో హలీమా బాధపడిందా? ఆ బాధ ఆమె ముఖం మీద నిలిచిపోయిందా? కఫన్ కట్టిన తరువాతి ముఖాన్ని చూసినవారు పలువురు. వారంతా ప్రశాంతంగా ఉండెనన్నారు. అప్పటికి కనురెప్పలు మూసి, దవడకు కట్టు కట్టి, ముఖాన్ని సవరించి ఉంటారు. సవరించకముందు చూసినది ఆస్మా ఒక్కతే.

అయితే అడగడానికి వీలు లేదు. మృతదేహానికి స్నానం చేయించినవారు అక్కడ చూసిన లోపాన్ని ఎవరికీ చెప్పరాదు. అది ధర్మం. పరాయి పురుషుడు వచ్చి అడిగితే ఆస్మా నోరు విప్పదు.

ఇటువంటి స్థితిలో చోటీ బీ ఒకనాడు ఇంటికి వచ్చి, ఒంటరి బ్రతుకు మంచిది కాదని మొదలుపెట్టింది. మానుకోటలో ఒక మనిషి ఉన్నదన్నది. మహబూబాబాద్‌ను ఆ ప్రాంతపు వారు మానుకోట అనే అంటారు.

"మనిషి మంచిదే. గని సచ్చినోళ్ళకు తానం పోసే చేతులు గదా, ఆమె చేతి చాయ తాగనీకె మంది ఎనుకముందు అయితరు. పేరు ఆస్మా. నువ్వు జర సోంచాయించి..."

"నాకు ఖుబూలే," అన్నాడు మక్బూల్.

చోటీ బీ అర్థం కాక అతని ముఖం చూసింది. "నేనింకా చెప్పుడు గాలె," అన్నది.

ఓడ ప్రయాణం మక్బూల్ కొడుకు ఖలీల్ ఏర్పాటు చేసినది. సముద్రం మీద యాత్రికులను తిప్పే పెద్ద ఓడలో అతడు బట్టలుతికే విభాగంలో పని చేస్తున్నాడు. సిబ్బంది తల్లిదండ్రులకు ఏటా ఒక గది ఇస్తారు. తల్లి పోయినప్పుడు అతడు నడిసముద్రంలో ఉండి రాలేకపోయాడు. తండ్రికి ఏదైనా చేయాలన్న తపన అతనిలో ఆనాటి నుండి ఉన్నది. నిఖా సంగతి విని ఫోనులోనే సంతోషపడి, ఆ గదిని కొత్త దంపతుల పేర రాయించాడు.

ముంబాయి రేవులో ఓడను చూసిన ఆస్మా తల పైకెత్తి, ఎత్తిన తలను చాలాసేపు దించలేదు.

"గిది ఓడనా, భూపాలపల్లి క్వార్టర్లన్ని ఒకదాని మీద ఒకటి పెట్టిన్రా?" అన్నది.

మక్బూల్ సంచులు ఎత్తి మెట్ల వైపు నడిచాడు. రైలెక్కినప్పటి నుండి అతడు ప్రశ్నను ఎక్కడ మొదలుపెట్టాలో వెతుకుతున్నాడు.

గదిలో పక్క మీద తెల్లని తువాళ్ళను మడిచి హంసను చేసి పెట్టారు. హంసకు నల్లకళ్ళద్దాలు కూడా తగిలించారు. ఖలీల్ గుమ్మంలో నిలబడి గర్వంగా చూపించాడు.

"చిన్నమ్మీ, గీ తువ్వాలలు నేను ఉతికినయే. హంసను మాత్రం మా దోస్తు సాగర్ చేసిండు. మీకోసమని స్పెషల్‌గ."

"మంచిగుంది బేటా," అన్నది ఆస్మా.

ఖలీల్ పనికి వెళ్ళిపోగానే ఆమె హంసను విప్పింది. తువాలును రెండు చేతులా పట్టి, ఒక్క విదిలింపుతో ముడతలు పోగొట్టి, అంచుకు అంచు చేర్చి మడిచింది. తెల్లని బట్టను ఆ చేతులు మడిచిన తీరును మక్బూల్ కన్నార్పకుండా చూశాడు.

"అది మనల్నే చూస్తుంటె నిద్ర పట్టదు," అన్నది ఆమె, అతడు ఎందుకు చూస్తున్నాడో తెలియక.

ఓడ కదిలింది. ఒడ్డు సన్నని గీతయై, ఆ తరువాత గీత కూడా లేకపోయింది. అంతటి జలరాశిని తొలిసారి చూసినవానికి భయమో భక్తియో కలగాలి. మక్బూల్‌కు నీలిరంగు కనిపించింది. పై అంతస్తులో పాటలు, ఈత కొలనులో పిల్లల కేకలు, భోజనశాలలో పేరు తెలియని పదార్థాలు ఉన్నవి. అతడు పళ్ళెంలో పెట్టినదేదో తిన్నాడు. ఆస్మా ఎదుట కూర్చున్నది. ఆమె ఏమి తిన్నదో అతడు చూడలేదు.

"ఇన్ని నీళ్ళున్నయి," అన్నది ఆమె కిటికీలోంచి చూస్తూ. "నమాజుకు ముందు ఉజూ చేసుకోనీకె మాత్రం గదిలున్న నల్లా కాడికే పోవాలె."

అది నవ్వించడానికి అన్న మాట అని అతడు కొంత ఆలస్యంగా గ్రహించాడు. అప్పటికే ఆమె లేచి వెళ్ళింది.

మరునాడు ఉదయం ఎండ ఇంకా ముదరకముందు ఇద్దరూ పై అంతస్తులో కుర్చీలలో కూర్చున్నారు. ఆస్మా తస్బీహు పూసలు తిప్పుతున్నది. మక్బూల్ సముద్రం వైపు చూస్తూనే అడిగాడు.

"హలీమాకు గుస్ల్ ఇచ్చింది నువ్వే గదా?"

పూసలు ఆగినవి. "మానుకోటల ఆ దినాలల్ల నేనే ఇస్తుంటి."

"కఫన్ కట్టకముందు ఆమె ముఖం ఎట్లుండె?"

"నూర్ మెరుస్తుండె," అన్నది ఆస్మా వెంటనే. "పండుకున్నట్టుండె."

"గది నువ్వు అందరికి చెప్పే మాట. ఆమె చెల్లెలింటి పక్కోళ్ళకు గూడ గదే చెప్పినవట."

ఆస్మా అతని వైపు తిరిగింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఏదో లెక్క తేలిన నిదానం ఉన్నది.

"గిది అడగనీకేనా నన్ను చేసుకున్నది?"

కాదనవచ్చు. ఆ ఒక్క మాటతో ఆమె గౌరవం నిలుస్తుందని అతనికి తెలుసు. అయినా అబద్ధం అతనికి అలవాటు లేదు.

"అవు," అన్నాడు.

"దానికి నిఖా ఎందుకు? ఒక ఫోను చేస్తె అయిపోవు."

"పరాయి మొగోనికి చెప్పవనుకున్న."

"సొంత మొగనికి చెప్పొచ్చని ఎవరు చెప్పిన్రు మీకు?"

మక్బూల్‌కు ఎవరూ చెప్పలేదు. భార్యాభర్తల నడుమ తెర ఉండదు కనుక ఆ మాట కూడా దాగదని తనకు తానే నిశ్చయించుకున్నాడు. ఏ మౌలానానూ అడగలేదు. ఒకనాడు అడగకుండా మేనత్త మాట నమ్మినట్లే, ఈనాడు అడగకుండా తన మనసు మాట నమ్మాడు.

"ఇనుండ్రి," అన్నది ఆస్మా. "ఆ నెలల ఒకరి ఇంటి కాడ తానం పోసి, తడి చేతులతోనే ఇంకొకరి ఇంటికి పోయేదాన్ని. ఎవరి ముఖం ఎవరిదో నాకు యాదికి లేదు. మీ హలీమా ముఖం గూడ యాదికి లేదు. నేను చెప్పగలిగింది గింతే."

"దాస్తున్నవా?"

"దాచేటోళ్ళు గూడ గిట్లనే చెప్తరు. యాదికి లేనోళ్ళు గూడ గిట్లనే చెప్తరు. రెండిట్ల ఏదో మీకు తెలిసే తొవ్వ లేదు. ఒట్టు పెట్టుమంటే పెట్ట. అది నా పని ధర్మం."

కొలనులో ఒక పిల్లవాడు దూకాడు. నీటి చుక్కలు వారి కాళ్ళ దాకా వచ్చి పడినవి. ఇన్నేళ్ళుగా మోసిన ప్రశ్న ముగిసింది. ముగిసినప్పుడు లోపల ఏదైనా కూలుతుందని అతడు ఎదురుచూశాడు. ఏదీ కూలలేదు. కుర్చీ చేతి మీద నీటి చుక్క ఎండిపోయేదాకా దానినే చూశాడు.

"మీ పని అయిపోయింది," అన్నది ఆస్మా. గొంతు పెంచలేదు. "పోయేటప్పుడు జనగామల మీరు దిగుండ్రి. నేను కాజీపేటల దిగి తమ్ముని కాడికి పోత. లొల్లి పెట్ట. మందికి ఏం చెప్పుకుంటరో మీ ఇష్టం."

అతడు పలుకకముందే ఖలీల్ వచ్చాడు. పని మధ్యలో కొద్దిసేపు అనుమతి తీసుకొని, రెండు ఐస్‌క్రీము కప్పులు పట్టుకొని మెట్లెక్కి వచ్చాడు. తండ్రి ముఖం చూసి ఆగాడు.

"ఏందబ్బా, గట్లున్నరు? పరేషాన్ ఏమన్న ఉన్నదా?"

మక్బూల్ కుర్చీలో సర్దుకొని కూర్చున్నాడు.

"మీ అబ్బాకు సముద్రం పడుతలేదు బేటా," అన్నది ఆస్మా. "పొద్దటి సంది తల తిరుగుతుందట. నేనే జర గాలికి కూసోబెట్టిన. ఏం లేదు, తగ్గుతది. గా ఐస్‌క్రీము నాకియ్యి, కరిగిపోతుంది."

ఖలీల్ నవ్వాడు. "చిన్నమ్మీ ఉన్నది గాబట్టి నాకు ఫికరు లేదు," అని తండ్రి భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

ఆస్మా కప్పును చేతిలో పట్టుకొని తినకుండా కూర్చున్నది. అంతకు కొద్ది క్షణాల ముందే ఆమెను ఒక సమాచారం కోసం పెళ్ళాడిన సంగతి మక్బూల్ ఒప్పుకొన్నాడు. ఆ సంగతి అతని కొడుకుకు తెలిస్తే తండ్రి తల వంగిపోయేది. దానిని ఆమె ఒక్క మాటతో కప్పివేసింది, తడబడకుండా. ఇంత తేలికగా కప్పగలిగిన మనిషి ఏదైనా దాచగలదని మక్బూల్‌కు తోచింది. ఆ వెంటనే, ఆమె ఇప్పుడు దాచినది తన లోపాన్నే కదా అని కూడా తోచింది. ఈ రెండు ఆలోచనలూ పక్కపక్కనే నిలబడినవి. ఏదీ రెండవదానిని తోసివేయలేదు.

మిగిలిన ప్రయాణంలో వారు అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు. నమాజు వేళకు అతడు ముందు నిలుచుండేవాడు, ఆమె వెనుక నిలుచుండేది. ఖలీల్ ఫోటో తీస్తానంటే ఇద్దరూ రైలింగు దగ్గర నిలబడ్డారు. "జర దగ్గరికి జరుగుండ్రి, మధ్యల ఇంకో మనిషి పడుతడు," అన్నాడు ఖలీల్. ఇద్దరూ జరిగారు.

తిరుగు రైలు సికింద్రాబాదు దాటిన తరువాత పొద్దు బాగా ఎక్కింది. ఆస్మా కిటికీ పక్కన తన సంచిని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది. ఎదుటి సీటులోని ఆమె "ఎక్కడికి పోతున్నరమ్మా?" అని అడిగితే "భూపాలపల్లికి" అన్నది. ఆ మాట మక్బూల్ విన్నాడు.

జనగామ దగ్గరపడింది. అతడు లేచి, పైనున్న తన సంచి దించి, తలుపు దగ్గరికి నడిచాడు. ఆస్మా అతని వైపు తిరుగలేదు. రైలు ఆగింది. దిగేవారు దిగారు, ఎక్కేవారు ఎక్కారు. ప్లాట్‌ఫారం మీద తెలిసిన రైతు ఒకడు చెయ్యెత్తి, "మక్బూలన్నా, మా మోటరు అయ్యిందా?" అని కేక వేశాడు. అతడు "రేపు రా" అన్నట్లు చెయ్యి ఊపాడు. తలుపు రేకును పట్టుకొని నిలబడి, తన మనసును పరీక్షించి చూశాడు. ఉండమని ఆమెను అడిగేంత ప్రేమ అక్కడ కనిపించలేదు. దిగిపోయేంత విముఖత కూడా కనిపించలేదు. ఉన్నదల్లా ఒక చిన్న సంగతి. ఓడలో ఆమె ఎదుటనే ఇన్ని పూటలు భోజనం చేసి, ఆమె పళ్ళెంలోకి తాను ఒక్కసారైనా చూడలేదు.

రైలు కదిలింది. మక్బూల్ వెనుకకు వచ్చి, సంచిని సీటు కింద పెట్టి కూర్చున్నాడు.

ఆస్మా అతని సంచి వైపు చూసింది. "మీ ఊరు ఎనుకపడ్డది," అన్నది.

"చూసిన."

"ఎటు పోతున్నరు మరి?"

"భూపాలపల్లికి. మీ తమ్మునితోని జర మాట్లాడాలె."

"ఏం మాట్లాడుతరు?"

"హలీమా ముఖం ముచ్చట కాదు. నువ్వు దాచినా, నీకు యాదికి లేకున్నా, అది హలీమాది. నాది కాదు. ఇగ అడగ." అతడు ఆగి, మాట కూడదీసుకున్నాడు. "నీకేం తినబుద్ధయితదో, ఏం పడదో నాకు తెల్వదు. పోయిన మీ ఆయన పేరు గూడ తెల్వదు. గవి అడుగుత."

"గవి నన్ను అడగొచ్చు గదా. దానికి నా తమ్ముడెందుకు?"

మక్బూల్ ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు దాస్తవు," అన్నాడు.

ఆస్మా ముఖం కిటికీ వైపు తిప్పుకొన్నది. ఒళ్ళోని సంచిని తీసి సీటు కింద, అతని సంచి పక్కకు నెట్టింది. రైలు ఆగకుండానే, కాజీపేట దారిలోని రఘునాథపల్లి స్టేషను దాటిపోయింది.